తొమ్మిదో సెకను

అయినా మన మాటల్లోంచి చావుని తీసేస్తే ఇంక మిగిలేదేముంది, అనుకుంది ఆమె, ఆ రోజు ఏడువందల పదహారో ముక్కకి మూడో కీ నొక్కుతూ. ఆకలేస్తే చచ్చిపోతున్నాం అంటాం. నవ్వొస్తే నవ్వలేక చచ్చాం అంటాం. బస్సు రాకపోతే ఎక్కడ చచ్చిందో అంటాం. ఒక మనిషంటే ఎంత ఇష్టమో చెప్పాలంటే చచ్చేంత అంటాం. అంతకు మించిన కొలత మన దగ్గర లేదు. ఇప్పుడు విన్న ముక్కలో ఎవరో ఆడమనిషి, వెనక కుళాయి చప్పుడు, "ఇంకొక్కసారి తడి కాళ్లతో వచ్చావంటే చంపేస్తా" అంది. అన్నాక గాలి వదిలినట్టు ఒక శబ్దం. నవ్వా? దగ్గా? ఇంకొక్క సెకను ఉంటే తెలిసేది. కాని ఎనిమిది సెకన్లకి ముక్క తెగిపోతుంది.

ఒకటి మామూలు, రెండు కోపం, మూడు బెదిరింపు, నాలుగు తెలియదు. ఈ నాలుగు కీలతోనే ఆమెకి రోజు గడుస్తుంది. ఎక్కడెక్కడి ఇళ్లలోనో, ఆసుపత్రుల్లోనో, బడుల్లోనో బల్లల మీద పెట్టిన చిన్న పెట్టెలు మనుషుల మాటలు వింటూ ఉంటాయి. ఏది మంచి మాటో ఏది చెడ్డ మాటో వాటికి పుట్టుకతో తెలియదు. ఈ మూడో అంతస్తు గదిలో ఇరవై కుర్చీల్లో ఇరవై మంది కూచుని, రోజుకి పన్నెండు వందల ముక్కలు విని, కీలు నొక్కి వాటికి నేర్పుతారు. నేర్పేవాళ్లకి నేర్పే పుస్తకం ఒకటుంది. పన్నెండో పేజీలో, 'చంపు, నరుకు, చావగొట్టు వంటి మాటలు వచ్చినచోట స్వరమును పరిగణించనవసరం లేదు, మూడు నొక్కవలెను' అని ఉంటుంది. ఎక్కడో ఎవరో వేరే భాషలో రాసింది ఈ భాషలోకి దించారు. దించినాయన ఇంట్లో అన్నం కోసం ఎవరినీ కేకేసి ఉండడు, అనుకునేది ఆమె మొదట్లో. ఇప్పుడు అనుకోవడం లేదు. వేలు దానంతట అదే మూడు మీదికి వెళ్తుంది. కీబోర్డు మీద ఒకటి, రెండు, మూడు అంకెలు అరిగి చెరిగిపోయాయి. నాలుగు మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటుంది. వందకి రెండుసార్ల కన్నా ఎక్కువ తెలియదన్నా, ముక్క తేల్చకుండా గడువు దాటినా గోడమీది బోర్డులో కుర్చీ నంబరు పక్కన పసుపు చుక్క పడుతుంది. అందుకని ఆ గదిలో అందరికీ అన్నీ తెలుసు.

"ఏమ్మా నిదానం, ఇంకా ఏడొందల్లోనే ఉన్నావా? నేను తొమ్మిదొందలు దాటేశా," అంది పక్క కుర్చీ ఆవిడ, టీ కప్పు పట్టుకుని బయటి వరండాలో గోడకి ఆనుకుంటూ. ఆవిడ పేరు ఎవరూ వాడరు, రైలుబండి అంటారు. ఆమెని నిదానం అంటారు. కుర్చీల మధ్య తిరుగుతూ ఇటుకలు లెక్కపెట్టినట్టు ముక్కలు లెక్కపెట్టే సూపర్‌వైజరుని మేస్త్రి అంటారు.

"నువ్వు వింటున్నావా, దాటేస్తున్నావా?"

"వినేదేముందే? మొదటి మాటకే తెలిసిపోతుంది. మా ఆయన చెప్పులు విప్పే చప్పుడుని బట్టి ఆయనకి ఆఫీసులో ఎవరు తలంటారో చెప్పేస్తా." ఇంతలో రైలుబండి ఫోను మోగింది. "ఏమే, స్నానం చేశావా? ఇంకా లేదా? ఇంటికొచ్చాక చంపేస్తా నిన్ను, ఉండు."

"మూడు," అంది ఆమె.

"ఏంటి మూడు?"

"ఇప్పుడు నీ కూతురితో నువ్వన్నది."

రైలుబండి కప్పులో టీ ఒలికేలా నవ్వింది. "నన్ను చంపకే తల్లీ!"

"అదీ మూడే."

"నవ్వింది చాలు, రండి," అన్నాడు మేస్త్రి తలుపు సందులోంచి.

సాయంత్రం అమ్మ ఉండే వృద్ధుల హోమ్‌కి వెళ్లేసరికి మేనేజరు తన గదిలోకి పిలిచాడు. మనిషి మెత్తటివాడు, ఏం చెప్పినా ఆరిన దుప్పటి మడతపెట్టినట్టు చెప్తాడు. ఒక కాగితం ఆమె ముందుకి జరిపాడు. 'నాలుగో గది. శనివారం, పన్నెండూ నలభై. వర్గం: బెదిరింపు. నమ్మకం: నూటికి తొంభై మూడు.'

"నమ్మకం అంటే?" అంది ఆమె, ఆ కీలు నొక్కే ఆఫీసులో మూడేళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఏమీ తెలియనట్టు.

"పెట్టెకున్న నమ్మకం. ఇక్కడ పనిచేసే ఆయమ్మ మీ అమ్మగారిని చంపుతానని బెదిరించిందండీ. భోజనం పెట్టేటప్పుడు. ఆదివారం ఎలాగూ ఆవిడకి సెలవు. ఇవాళ్టి నుంచి పనిలోకి రావద్దన్నాం. మీరేమీ కంగారు పడకండి, వేరే మనిషిని పెట్టాం."

కంగారు పడింది. అమ్మ గది వైపు పరుగులాంటి నడకతో వెళ్తుంటే, ఆ కంగారు అడుగున సన్నగా, దారపు పోగంత, ఇంకొకటేదో కదలడం ఆమెకి తెలిసింది. దాన్ని ఏమనాలో వెంటనే తోచలేదు. తోచాక నడక నెమ్మదించింది. అది సంతోషం.

నాలుగు నెలలుగా, పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ, అమ్మ నోరు ఆయమ్మ చేతికే తెరుచుకుంటోంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె తినిపిస్తే సగం బట్టల మీద పడుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా గిన్నె ఖాళీ అవుతుందని గోడకి తగిలించిన చార్టులో టిక్కులు ఉంటాయి. ఆ టిక్కులు ఎలా పడతాయో ఆమె ఒక్కసారీ చూడలేదు. ఆ వేళకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటుంది. చార్టు చూసినప్పుడల్లా ఎవరో తన మార్కుల కాగితం ఎదురుగా పట్టుకున్నట్టు ఉండేది.

అమ్మ కిటికీ వైపు తిరిగి కూచుని ఉంది. కిటికీలో ఎదుటి భవనం గోడ తప్ప ఏమీ లేదు. మంచం పక్క బల్లమీద, మందు సీసాల మధ్య, అరచేయంత పెట్టె, దాని నుదుటిన ఆకుపచ్చ దీపం. కొత్తగా వచ్చినావిడ చేతులకి తొడుగులు వేసుకుని చెంచా పట్టుకుని నిలబడింది. "దయచేసి నోరు తెరవండి. భోజనం చేయండి," అంటోంది, స్టేషన్లో రైళ్ల రాకపోకలు చదివినట్టు. ఒకసారి పెట్టె వైపు చూసి, ఇంకా మెల్లిగా, "దయచేసి," అంది.

అమ్మ పెదవులు కుట్టేసినట్టున్నాయి.

"ఇలా ఇవ్వండి," అని ఆమె చెంచా అందుకుంది. ఇప్పుడు నా వంతు అనే ఆశ ఉంది ఆ అందుకోవడంలో. మెత్తగా చిదిమిన అన్నం అమ్మ కింది పెదవికి ఆనించింది. "అమ్మా. నేనమ్మా." అమ్మ కళ్లు గోడ మీంచి కదల్లేదు. అన్నం గడ్డం మీదుగా జారి తువ్వాలు మీద పడింది. మొత్తం గిన్నె అలాగే పడింది.

మంగళవారం సాయంత్రం హోమ్ ఎదుటి బస్సు స్టాపులో ఆయమ్మ కనిపించింది. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులకి బల్ల అంచు మీదే కూచుంటుంది, ఎప్పుడైనా లేవాల్సి వస్తుందన్నట్టు. ఒళ్లో ఒక గుడ్డసంచీ. చూడనట్టు ఆమె పక్కకి తిరిగింది గాని, ఆయమ్మే పిలిచింది.

"చిన్నమ్మగారూ! పెద్దమ్మగారు తిన్నారా?"

"లేదు."

"నిన్న?"

"నిన్నా లేదు."

ఆయమ్మ నాలుక చప్పరించింది. "మొండిది," అంది మెల్లిగా, తనలో తను. తర్వాత సంచీలోంచి కాగితం తీసి చూపించింది. "అభ్యంతరం రాసిచ్చి వస్తున్నా. అంటే ఆ ముక్క మళ్లీ ఎవరో వింటారంట. ఎవరో ఏంటో. వాళ్లు కూడా అదే మాటంటే ఎర్రమచ్చ పడుతుందంట. మచ్చ పడితే ఇంక ఏ హోమూ గడప తొక్కనివ్వదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా నేను. ఇంకేం వచ్చు నాకు?"

ఆమె కాగితం పట్టుకుంది. 'ఎవరో' అన్నమాటకి, చదవకుండానే మడిచి వెనక్కిచ్చేసింది. "నువ్వు ఆ మాట అన్నావా?" అంది.

"అన్నాను. అనలేదని ఎందుకంటాను? రోజూ అంటాను. అంటే గాని ఆవిడ తినదు."

"చంపేస్తానంటే తింటుందా?"

"అదట్లా చెప్తే ఎట్లా ఉందో చూడండి!" ఆయమ్మ నవ్వబోయి, ఎదుటి మొహం చూసి ఆపుకుంది. "నేనొకటంటా, ఆవిడొకటంటారు. అంటారు, నవ్వుతారు, మింగుతారు. అదంతే."

"అమ్మ మాట్లాడదు."

"మీతో మాట్లాడరు," అంది ఆయమ్మ. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవాలన్నట్టు చెయ్యి గాల్లో ఆడించింది.

బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

"ఏమంటుంది?" అని అడిగింది ఆమె.

"నా నోటితో చెప్తే నన్ను కాచుకోడానికి అల్లానంటారు. ఆ పెట్టె విన్నదిగా, దాన్నే అడగండి. నా మాట విన్నది, ఆవిడ మాట వినదా?"

ఆ రాత్రి ఆమెకి ఆ మాటే తిరిగి తిరిగి వచ్చింది. అమ్మ మాట్లాడుతుంది, నాతో కాదు. లేదా, ఆయమ్మ అబద్ధమాడుతోంది. రెండింటిలో ఏది నిజమైతే తనకి నొప్పి తక్కువో తూచుకుంటున్నానని గ్రహించి ఆమె పక్కమీద లేచి కూచుంది. ఆయమ్మ అబద్ధం చెప్తోందంటేనే తనకి హాయి.

బుధవారం మేనేజరుని అడిగింది. "ఆ ఎనిమిది సెకన్లు కాదు. ముందూ వెనకా ఉంటుంది కదా, అంతా వినచ్చా?"

"అర్జీ పెట్టుకోవచ్చండీ. పదిహేను రోజులు పడుతుంది."

"రికార్డు ఉంటుందా అప్పటిదాకా?"

"ఎక్కడండీ, వారమే. శనివారం పన్నెండూ నలభైకి పైన కొత్తది పడితే కింద పాతది చెరిగిపోతుంది. ముక్క మాత్రం ఉంటుంది." అతను మాటల దుప్పటికి ఇంకో మడత పెట్టాడు. "అలాంటి మాట బంధువులెవరైనా అంటే వేరే పద్ధతి. మీ మీద మేం చర్య తీసుకోలేం కదా. అలాంటప్పుడు ఆ గదిలో ఆ వారం రికార్డంతా అప్పటికప్పుడే పక్కకి తీసి, అందరినీ కమిటీ ముందు కూచోబెట్టి, మొదట్నుంచీ వింటాం. పనివాళ్లకైతే ముక్క చాలని ఒప్పందంలోనే ఉంది."

"బంధువులకి వారం, పనివాళ్లకి ఎనిమిది సెకన్లు."

"పద్ధతండీ," అన్నాడు, నొచ్చుకుంటూ.

తమ్ముడికి ఫోన్ చేసింది. హోమ్ కాగితాల మీద సంతకం వాడిదే. "మంచిదే కదక్కా పెట్టె ఉండటం? మనం లేనప్పుడు అమ్మతో ఎవరేమంటున్నారో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"మనం ఉన్నప్పుడు ఏం తెలిసిందిరా?"

"అంటే?"

"ఏంలేదులే."

"నువ్వెందుకు ఆవిడ తరఫున మాట్లాడుతున్నావ్? మళ్లీ వింటారట కదా. మనుషులే వింటారట, మిషను కాదు. వాళ్లు చెప్తారు."

వాళ్లు, అనుకుంది ఆమె, ఫోను పెట్టేశాక. పెట్టెల్లోని ఈ భాష ముక్కలన్నీ ఆ ఇరవై కుర్చీలకే వస్తాయి. వాళ్లు అంటే రైలుబండి. వాళ్లు అంటే అయిదో కుర్చీలో ఎప్పుడూ జలుబుతో ఉండే ఆయన. వాళ్లు అంటే తను. ఇంట్లో ఎవరికీ ఆమె పనేమిటో తెలియదు. విన్నది బయట చెప్పకూడదని చేరినరోజే రాయించుకున్నారు. ఇంకో రెండు కూడా రాయించుకున్నారు. తెలిసిన గొంతు వినపడితే తీర్పు చెప్పకుండా కీబోర్డు మూలనున్న మీట నొక్కి పక్క కుర్చీకి పంపాలి. వినేవాళ్ల సొంత గొంతు మీద ఎర్రమచ్చ ఉండకూడదు; పడినరోజు కుర్చీ ఖాళీ చేయాలి.

గురువారం పదకొండున్నరకి, నాలుగు వందల రెండో ముక్క తర్వాత, స్క్రీను మీద నీలం పట్టీ వచ్చింది. 'రెండో వినికిడి.' అభ్యంతరం వచ్చిన ముక్కలు, రోజుకి రెండో మూడో వస్తుంటాయి. మామూలుగానే నొక్కింది.

చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది. "మింగుతావా మింగవా? నా ఓపిక చూస్తున్నావా? చంపేస్తాను ఇవాళ నిన్ను, చూడు." అంతే, తెగిపోయింది.

హెడ్‌ఫోన్లలో గొంతుకి మొహం ఉండదు. గుడ్డసంచీ ఉండదు, మోకాళ్ల నొప్పి ఉండదు. ఆయమ్మ అని పోల్చుకోడానికి ఆమెకి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాల్లో వేలు మూడు మీదికి వెళ్లిపోయింది. నొక్కలేదు, ఆనుకుని ఉంది. వేలిని తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఒక్కో ముక్కనీ మూడుసార్లు వినచ్చు. నలభై సెకన్లలో తేల్చాలి. రెండోసారి వింది.

'నువ్వు' అంటోంది. అందరి ముందూ పెద్దమ్మగారూ మీరూ అనే మనిషి, గదిలో ఎవరూ లేనప్పుడు నువ్వు అంటోంది. అది చులకనా? దగ్గరితనమా? ఇంటి బయటివాళ్లని నువ్వంటే అదీ తప్పేనని పుస్తకంలో ఉంది. గొంతులో నవ్వుందని చెప్పుకోవచ్చు, లేదని చెప్పుకోవచ్చు. పంటి బిగువున అన్నట్టుంది. అమ్మ ఆ కుర్చీలో, కదల్లేక, ఎదురుగా ఈ లావుపాటి మనిషి చెంచా పట్టుకుని. ఇదే గొంతు ముక్కూ మొహం తెలియనిదైతే ఎప్పుడో మూడు నొక్కి నాలుగు వందల నాలుగుకి వెళ్లిపోయి ఉండేది. ఎంతమందికి అలా నొక్కింది? ఆ కుళాయి దగ్గర ఆడమనిషి ఇవాళ ఏ స్టాపులో కూచుని ఉందో?

మూడోసారి వింది. ఈసారి మాటలు వదిలేసి చివర మాత్రం వింది. తెగే చోట, ఎనిమిదో సెకను అంచున, ఇంకో నోటి నుంచి, నాలుక అంగిటిని వదిలినట్టు, "చ". అంతే. అది మాటకి మొదలో, చెంచా చప్పుడో, తను వినాలనుకున్నది వినపడిందో.

ఒకటి నొక్కితే ఆయమ్మ రేపు పనిలో ఉంటుంది, అమ్మ తింటుంది. ఎవరికీ తెలియదు. కాని ఒకటి అని తనకి తెలుసా? మీట నొక్కితే పక్కకి పోతుంది, చేతులు శుభ్రం. నాలుగు నొక్కితే రెండో వినికిడిలో నాలుగుని మూడు కిందే లెక్కేస్తారు. స్క్రీను మీద అంకెలు తగ్గుతున్నాయి. పన్నెండు. తొమ్మిది. వేళ్లు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నాలుగు. రెండు.

ముక్క మాయమైంది. గడువు దాటిన ముక్కలు కూడా పక్క కుర్చీకే పోతాయి.

ఆమె తల తిప్పకుండా, కంటి కొసతో చూసింది. రైలుబండి స్క్రీను మీద నీలం పట్టీ వచ్చింది. రైలుబండి ఒక చేత్తో జడ ముందుకి వేసుకుని కొస చిక్కు తీసుకుంటోంది. రెండో చేతి మధ్యవేలు లేచి, మూడు మీద పడి, లేచింది. చిక్కు తీసుకోవడం ఆగలేదు.

శుక్రవారం హోమ్‌లో అడుగుపెట్టగానే మేనేజరు ఎదురొచ్చాడు. "రెండో వినికిడి కూడా అదేనండీ. రేపు మధ్యాహ్నం ఆయమ్మ వచ్చి తన సామాను తీసుకెళ్తుంది." గొంతు తగ్గించాడు. "అమ్మగారు ఇవాళ కూడా నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. డాక్టరుగారు సోమవారం చూసి, ముక్కులోంచి గొట్టం వేద్దామంటున్నారు."

గదిలో అమ్మ చెంపలు లోపలికి పోయాయి. అయిదు రోజుల చార్టులో టిక్కులు లేవు. తను కోరుకున్నట్టే మార్కుల కాగితం ఖాళీ అయింది.

శనివారం ఆమె సగం రోజు సెలవు అడిగింది. "బోర్డులో నీకు పసుపు చుక్క ఉంది తెలుసా? నిన్న గడువు దాటింది ఒకటి," అన్నాడు మేస్త్రి.

"మొన్న."

"అంటే తెలుసన్నమాట."

"నిదానం కదండీ, దానికి అన్నీ లేటుగా తెలుస్తాయి," అంది రైలుబండి. తర్వాత ఆమె మొహం చూసి, "ఏమైందే?" అని అడిగింది. గొంతులో నిజంగానే ఆరాటం ఉంది. ఆ ఆరాటాన్ని ఏ కీ కింద వెయ్యాలో అనుకుంటూ ఆమె సంచీ తీసుకుంది.

హోమ్‌కి వచ్చేసరికి పన్నెండూ పదిహేను. నాలుగో గది బయట వరండాలో ఆయమ్మ చిన్న బీరువా ముందు వంగి, చెప్పులూ, దువ్వెనా, ఒక పాత స్వెట్టరూ గుడ్డసంచీలో వేసుకుంటోంది. పక్కన మేనేజరు కాపలా ఉన్నట్టు కాకుండా కాపలా ఉన్నాడు. ఆయమ్మ తలెత్తి చూసింది గాని ఏమీ అడగలేదు. పెద్దమ్మగారు తిన్నారా అని కూడా అడగలేదు.

"నేను పెడతాను, మీరు వెళ్లండి," అని ఆమె కొత్తావిడ చేతిలోంచి గిన్నె తీసుకుంది. తొడుగుల చేతులు ఎంత తేలిగ్గా వదిలేశాయో!

కుర్చీ జరుపుకుని అమ్మ ఎదురుగా కూచుంది. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై రెండు. ఇంకా పద్దెనిమిది నిమిషాల్లో కిందటి శనివారం చెరిగిపోతుంది. ఏం చేయడానికి వచ్చిందో ఆమెకి తెలుసు. బస్సులో పెదవులు కదపకుండా మూడుసార్లు అనుకుంది కూడా. తన నోట ఆ మాట పడితే చాలు, వారమంతా తెరుస్తారు. ఎలా అన్నా చాలు, స్వరంతో పనిలేదు, పన్నెండో పేజీ. తను మూడేళ్లు నేర్పిన పాఠం. పెట్టె తప్పకుండా ఒప్పజెప్తుంది.

"అమ్మా, తిను," అంది.

అమ్మ గోడకేసి చూస్తోంది.

అనుకున్న మాట అనడానికి ఆమె నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. కుర్చీ గుర్తొచ్చింది, పదకొండో నంబరు కుర్చీ, ఒక కాలు కింద కాగితం మడత పెట్టి సరిచేసుకున్నది. తమ్ముడు ఏమంటాడో గుర్తొచ్చింది. సొంత తల్లిని. కమిటీ ముందు కూచుని వారం రోజుల రికార్డు వింటున్నప్పుడు అందులో ఏమీ లేకపోతే? "చ" చెంచా చప్పుడే అయితే? ఆయమ్మ పంటి బిగువున అన్న మాట నిజంగా పంటి బిగువున అన్నదే అయితే? పన్నెండూ ఇరవై తొమ్మిది. చెంచా అమ్మ పెదవికి ఆనించింది. జారింది. ఇంకో చెంచా. జారింది. పన్నెండూ ముప్ఫై మూడు. తువ్వాలుతో గడ్డం తుడిచి, రెండు వేళ్లతో బుగ్గలు మెల్లగా ఒత్తి, పెదవుల సందులోంచి అన్నం లోపలికి పెట్టింది. వెళ్లింది.

అమ్మ దాన్ని నోట్లోనే ఉంచుకుని, కళ్లు గోడ మీంచి తిప్పి, అయిదు రోజుల్లో మొదటిసారి ఆమెకేసి చూసి, తుపుక్కున ఉమ్మింది. అన్నం మెతుకులు ఆమె మణికట్టు మీద, గడియారం మీద, జాకెట్టు మీద పడ్డాయి.

"చంపేస్తాను నిన్ను!"

బస్సులో వల్లించుకున్న మాట కాదు అది. ఎక్కడినుంచో, నాలుగు నెలలు అడ్డం పెట్టుకున్న మర్యాదలన్నీ తోసుకుంటూ, కోపంగా, ఏడుపుగా, వేడిగా వచ్చింది. అమ్మని ఎప్పుడూ నువ్వే అంటుంది గాని, అలా అనలేదు ఈమధ్య. "ఏమనుకుంటున్నావు, గొట్టం వేయించుకుంటావా? మింగకపోయావో, చంపేస్తానంతే!"

పెట్టె నుదుట ఆకుపచ్చ ఆరింది. ఎర్రగా వెలిగింది.

వరండాలో సంచీ సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. "ఏమన్నారండీ?" అన్నాడు మేనేజరు గుమ్మంలోకి వచ్చి. అతని చూపు పెట్టె మీద పడింది. చేతిలోని కాగితాలు ఛాతీకి అదుముకున్నాడు. "అయ్యో, మేడమ్. ఇంక వారమంతా తెరవాలి."

ఆమె వినిపించుకోలేదు. అలవాటైన మెదడు తనంతట తను లెక్కపెడుతోంది. అయిదు. ఆరు. ఈ ముక్క సోమవారం ఎవరో వింటారు, జడ చిక్కు తీసుకుంటూ. ఏడు. ఎనిమిది. ఇక్కడ తెగిపోతుంది.

అమ్మ మొహంలో కుడివైపు కదిలింది. పక్షవాతం తినేయని వైపు. పెదవి కొస పైకి లేచింది, కంటి కింద ముడతలు పడ్డాయి. గొంతులో ఏదో గరగరమంది. నాలుక అంగిటిని వదిలింది.

"చ... చంపవే. చూస్తా."

అని, కిసుక్కున, పళ్లు లేని పసిదానిలా నవ్వి, నోరు తెరిచింది.

గుమ్మం అవతల ఆయమ్మ ముక్కు చీదుకుంటోంది. ఆమె చెంచా నింపింది. సగం ఒలికినా సగం లోపలికి వెళ్లింది. అమ్మ మింగింది, గొంతు మీద చర్మం కిందకీ పైకీ కదలడం కనిపించింది. మళ్లీ తెరిచింది.

ఆమె గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో మందు సీసాల్ని పక్కకి నెట్టి, ఎర్రగా వెలుగుతున్న పెట్టెని బల్ల అంచుదాకా, అమ్మ నోటికి ఎదురుగా వచ్చేలా జరిపింది.

"ఇంకోసారి అను, అమ్మా," అంది. "గట్టిగా."